హాబీని ఓపిక లేని రోజుకు కొలిచి కుట్టుకోవాలి

దీర్ఘకాలిక జబ్బుల మీద రోగులకిచ్చే కరపత్రం ఏది తీసుకున్నా చివరి పేజీ దాదాపు ఒకేలా ఉంటుంది. మందులు, నడక, నిద్ర, పరీక్షలు అన్నీ అయ్యాక అట్టడుగున ఒక వాక్యం కనిపిస్తుంది: "ఒత్తిడి తగ్గడానికి మనసుకు నచ్చిన హాబీ ఏదైనా అలవాటు చేసుకోండి." మాత్ర గురించైతే ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని పూటలు, పరగడుపునా కాదా అని విడమరిచి రాసినవాళ్లే హాబీ దగ్గరికొచ్చేసరికి "ఏదైనా" అని వదిలేస్తారు. ఎంతసేపు చేయాలో ఉండదు. వికటిస్తే ఏం చేయాలో ఉండదు. అసలు వికటించే అవకాశం ఉందన్న ఊసే ఉండదు.

నా అభ్యంతరమంతా ఆ "ఏదైనా" మీదే. ఏడాదుల తరబడి నొప్పితోనో, నీరసంతోనో, ఆయాసంతోనో బతుకుతున్న మనిషికి ఏ హాబీ పడితే ఆ హాబీ పనికిరాదు. సరిగ్గా కుదిరింది నిజంగా ఊపిరి పోస్తుంది. కుదరనిది ఇంకో ఓటమిని తెచ్చి ఒళ్లో పెడుతుంది, ఆ మనిషికి ఓటములు ముందే చాలా ఉన్నాయి. కుదరడం అంటే ఏమిటి అని నన్నడిగితే ఒకే కొలత చెబుతాను. ఓపిక అడుగంటిన రోజున కూడా కాస్తంత చేయగలగాలి, ఏ నిమిషంలో ఆపినా పాడవకూడదు. రుచి, అందం, ఉపయోగం వీటి సంగతి ఆ తర్వాత.

జబ్బు మనిషికి హాబీ అసలెందుకు అన్నది కూడా చెప్పుకోవాలి. కాలక్షేపం కోసం అనుకుంటే టీవీ సరిపోతుంది. క్యాథీ చార్మాజ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1983లో దీర్ఘరోగుల మీద రాసిన పరిశోధనలో, శరీర బాధ కంటే లోతుగా వాళ్లను కోసేది తానెవరో తనకే జారిపోవడం అని చెప్పింది. రోజంతా ఎవరో ఒకరు రక్తం తీస్తారు, బీపీ చూస్తారు, కూర్చోమంటారు, పడుకోమంటారు. అన్నీ ఆ మనిషికి జరిగేవే, ఆ మనిషి చేసేది ఒక్కటీ ఉండదు. నీలం వేద్దామా ఆకుపచ్చ వేద్దామా అన్న చిన్న నిర్ణయం ఆ రోజు మొత్తం మీద తన చేతిలో ఉన్న ఏకైక నిర్ణయం కావచ్చు. ఆ ఒక్క నిర్ణయం కోసమే ఇంత వివరంగా మాట్లాడుకోవడం.

మంచి రోజు చేసే మోసం

హాబీని అందరూ మంచి రోజునే ఎంచుకుంటారు, తేడా అక్కడే మొదలవుతుంది. నొప్పి తగ్గి, తల తేలిగ్గా ఉన్న పూట ఉత్సాహం పొంగుకొస్తుంది. పెద్ద కాన్వాసు, ఇరవై నాలుగు రంగుల పెట్టె, వెయ్యి ముక్కల జిగ్సా పజిలు, పెద్దవాళ్ల సైజు స్వెటరుకు సరిపడా ఉన్ని కొంటారు. మొదటి రోజు మూడు గంటలు కూర్చుంటారు. మర్నాడు లేవలేరు. నాలుగు రోజులు మంచంలోనే గడుస్తాయి. లేచాక ఆ స్వెటరు వైపు చూడాలంటే గిల్టీగా ఉంటుంది. మెల్లగా అది బీరువాలో అడుగు అరకు చేరుతుంది, సూదులు దానిలోనే గుచ్చి ఉంటాయి.

నొప్పి చికిత్స చేసేవాళ్లు దీన్ని బాగా ఎరుగుదురు. మంచి రోజున ఒళ్లు మరిచి చేయడం, దానికి వడ్డీతో సహా చెల్లించడం, కోలుకోగానే "పోయిన రోజులు పూడ్చాలి" అని మళ్లీ ఎక్కువ చేయడం. ఈ చక్రంలో పడ్డవాళ్లకు కొన్నాళ్లకు మంచి రోజులు కూడా తక్కువవుతాయి, ప్రతి మంచి రోజూ ఒక చెడ్డ వారానికి బీజం వేస్తుంది కాబట్టి.

అందుకని ఎంపిక చెడ్డ రోజునే జరగాలంటాను. నీరసంగా పడుకుని ఉన్న పూట మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇప్పుడు, ఈ పడక మీద, ఈ చేతులతో దీనిలో అయిదు నిమిషాల పని ఏమైనా చేయగలనా? మధ్యలో వాంతి వచ్చినా, ఫోను మోగినా, కళ్లు మూతలు పడినా అలాగే పక్కన పెట్టేయొచ్చా? సర్దడానికి, తీయడానికి, కడగడానికి పట్టే ఓపిక అసలు పనికి పట్టేదాని కంటే తక్కువేనా?

మూడో ప్రశ్న దగ్గరే చాలా హాబీలు వీగిపోతాయి. మట్టితో బొమ్మలు చేయడం హాయిగానే ఉంటుంది, కానీ బల్ల మీద కవరు పరవాలి, మట్టి పిసకాలి, అయ్యాక తడిగుడ్డ కప్పాలి, పనిముట్లు కడగాలి. ఇరవై నిమిషాల ఆటకు నలభై నిమిషాల చాకిరీ. కుట్టు మిషను కూడా అంతే. ఇవి పనికిరావని కాదు, సర్దిపెట్టే మనిషి పక్కన ఉంటే పనికొస్తాయి. ఎవరూ లేని ఇంట్లో మొదటి హాబీగా వద్దు.

ఒక చదరం, దగ్గరగా

మాటల్లో చెబితే గాలిలో ఉన్నట్టుంటుంది కాబట్టి ఒక్కదాన్ని దగ్గరగా చూద్దాం. క్రోషే తీసుకుంటాను, అంటే కొన దగ్గర కొక్కెం ఉన్న ఒకే సూదితో చేసే అల్లిక. రెండు సూదుల అల్లిక కంటే దీన్నే ముందు పెట్టడానికి ఒక గట్టి కారణం ఉంది. రెండు సూదుల అల్లికలో ఒక వరుసలోని కుట్లన్నీ సూది మీద బతికే ఉంటాయి. నిద్ర ముంచుకొచ్చి సూది జారితే యాభై అరవై కుట్లు ఊడే ప్రమాదం ఉంది. క్రోషేలో ఎప్పుడూ బతికి ఉండేది ఒకే ఒక్క ఉచ్చు. ఆ ఉచ్చును బారెడు లాగి వదిలినా, దానిలో ఒక పిన్నీసు పెట్టినా చాలు. నెల తర్వాత వచ్చినా అక్కడే ఉంటుంది.

సూది 5 లేదా 5.5 మిల్లీమీటర్లది, నూలు మధ్యరకం మందం. లేత రంగు, నున్నటి పురి ఉన్నది తీసుకోవాలి. ముదురు రంగుల్లో, నూగు నూగుగా ఉన్న ఉన్నిలో కుట్టు ఎక్కడుందో కనిపించదు, కళ్లు లాగుతాయి. అచ్చమైన కాటన్ దారం సాగదు, ఆ సాగకపోవడం భారమంతా వేళ్ల మీద పడుతుంది. కీళ్ల నొప్పులున్నవాళ్లకు ఉన్నిగానీ, ఉన్నీ యాక్రిలిక్కూ కలిసినదిగానీ నయం.

చదరం మొదలుపెట్టడానికి నాలుగు గొలుసు కుట్లు వేసి, వాటిని కలిపి చిన్న రింగు చేయాలి. ఆ రింగులోకి మూడేసి పొడుగు కుట్లున్న కట్టలు నాలుగు వేసి, కట్టకూ కట్టకూ మధ్య రెండు గొలుసు కుట్లు వదలాలి. ఆ వదిలినవే నాలుగు మూలలు. ఇది మొదటి చుట్టు. రెండో చుట్టులో కట్టలు ఎనిమిదవుతాయి, మూడో చుట్టులో పన్నెండు, నాలుగోదానిలో పదహారు. అంటే నాలుగు చుట్లకు మొత్తం నలభై కట్టలు. ఈ లెక్క ఎందుకంటే, మొదటి చుట్టుకు పట్టే ఓపికకు నాలుగో చుట్టు నాలుగింతలు అడుగుతుంది.

అసలు కిటుకు ఈ లెక్కలోనే ఉంది. చదరాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒకేసారి పూర్తి చేయాలనే నియమం ఎక్కడా లేదు. ఓపిక లేని రోజుల్లో మొదటి చుట్టు మాత్రమే వేసి, దారం కత్తిరించి, ఆ నడిమి పువ్వును డబ్బాలో పడేయాలి. కొత్తవాళ్లకైనా నాలుగైదు నిమిషాల పని, అది పూర్తయిన పనే. మంచి రోజున ఆ డబ్బాలోంచి ఒక పువ్వు తీసి దాని చుట్టూ మిగతా మూడు చుట్లు వేసుకోవచ్చు. ఇలా చేస్తే చదరాలన్నీ కలిపి కుట్టాక చెడ్డ రోజులు కూడా ఆ బొంతలో కనిపిస్తాయి, సరిగ్గా ప్రతి చదరం మధ్యలో.

రెండో సుగుణం, దీనిలో లెక్కపెట్టే పని చాలా తక్కువ. రెండో చుట్టు నుంచి కట్టలన్నీ కింది చుట్టులో వదిలిన ఖాళీల్లోకి పోతాయి, ఒక్కో కుట్టు తలను వెతుక్కోనక్కర్లేదు. మందుల మత్తులో తల మసకగా ఉన్నా వేలి కొన ఆ ఖాళీని తడిమి పట్టుకుంటుంది.

ఇక చెడేదెక్కడంటే, బిగింపు దగ్గర. కొత్తవాళ్లంతా భయంతో గొలుసును బిగించి వేస్తారు. ఆ బిగింపులోకి సూది దూరదు, మణికట్టు తిప్పి నెడతారు, పావుగంటకు బొటనవేలి మొదట్లో సలుపు మొదలవుతుంది. వదులుగా వేయండి అని చెబితే వదులు కాదు. గొలుసు వేసేటప్పుడు మాత్రం ఒక మిల్లీమీటరు పెద్ద సూది వాడితే దానంతటదే వదులవుతుంది. సూది సన్నగా ఉండటం వల్ల కూడా వేళ్లు గట్టిగా నొక్కిపడతాయి. పెన్సిలుకు తొడిగే స్పాంజి గొట్టాన్ని సూది పిడికి తొడిగితే పట్టు సడలుతుంది. పెన్ను పట్టినట్టు పట్టేవాళ్లకు బొటనవేలు నొప్పి పెడితే, కత్తి పట్టినట్టు అరచేతి కిందుగా పట్టి చూడాలి. మోచేతుల కింద చెరొక దిండు ఉండాలి, లేకపోతే చేతుల బరువంతా మెడ మోస్తుంది. తెల్లారి కీళ్లు బిగుసుకుపోయే జబ్బయితే పొద్దున్నే సూది పట్టకూడదు. బిగుసు వదిలాక, గోరువెచ్చటి నీళ్లలో కాసేపు చేతులుంచి అప్పుడు మొదలుపెట్టాలి.

అల్లిక గిట్టనివాళ్లకు నీటిరంగులు కూడా ఈ కొలతకు బాగానే సరిపోతాయి, వేరే కారణంతో. ఒక పూత వేశాక ఆరేదాకా ఆగి తీరాలి. ఆరకుండా మళ్లీ కుంచె పెడితే అంచులు పగిలిన మరకలు పడతాయి. ఆ అయిదు పది నిమిషాల ఆగడమే విశ్రాంతి, కళ్లు మూసుకుని వెనక్కి వాలొచ్చు, ఎవరూ చెప్పనక్కర్లేదు. పోస్టుకార్డు సైజులో 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి కాగితం, ఒక పసుపు, ఒక ఎరుపు, ఒక నీలం, 8వ నంబరు గుండ్రటి కుంచె చాలు. పల్చటి కాగితం తీసుకుంటే తడికి ముడతలు పడి రంగు గుంటల్లోకి చేరుతుంది. తప్పు కాగితానిదైనా మనిషి తన చేతిని తిట్టుకుంటాడు. పక్క మీదే వేసుకోవాలంటే పిడిలో నీళ్లు నింపుకునే కుంచెలు దొరుకుతాయి, గ్లాసు ఒలికే భయం లేదు.

లీనమైపోవడంలోని ప్రమాదం

హాబీ గురించి ఎవరు మాట్లాడినా "పనిలో పడితే టైమే తెలియదు" అని మెచ్చుకోలుగా అంటారు. మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ లీనమయ్యే స్థితి మీదే జీవితమంతా పనిచేశాడు. పని కష్టమూ మనిషి నేర్పూ సమానంగా తూగినప్పుడు ఆ స్థితి వస్తుందన్నది ఆయన మాట. ఆరోగ్యవంతుల విషయంలో ఇది చక్కగా సరిపోతుంది. జబ్బు మనిషికి మాత్రం రెండు చోట్ల తిరగబడుతుంది.

మొదటిది, నేర్పు రోజుకో తీరుగా ఉంటుంది. నిన్న సునాయాసంగా వేసిన గీత ఈ రోజు వంకర పోతుంది. అందుకని ఒకే పనిలో తేలిక మెట్టూ కష్టం మెట్టూ రెండూ దొరకాలి, పైన చెప్పిన పువ్వూ చుట్టూలాగా. రెండోది ఇంకా పెద్దది. టైము తెలియకపోవడమంటే నొప్పి తెలియకపోవడం, అలసట తెలియకపోవడం కూడా. నొప్పి నుంచి ధ్యాస మళ్లితే నొప్పి తగ్గినట్టు అనిపించడం నిజమే, ఆ ఉపశమనాన్ని తక్కువ చేయను. కానీ కీలుకు తగిలే దెబ్బ తగులుతూనే ఉంటుంది. హాబీలో ఏది మందులా పనిచేస్తుందో అదే మోతాదు మించితే విషమవుతుంది.

అందుకే టైమరు. చాలామందికి ఈ మాట నచ్చదు, హాయిగా ఉండే పనికి గంట కొట్టడమేమిటంటారు. వాళ్ల బాధ నాకర్థమవుతుంది, అయినా నా మాట మార్చుకోను. లెక్క ఇలా కట్టాలి. అయిదు రోజులు మామూలుగా చేసి, ఎన్ని నిమిషాలకు నొప్పిగానీ అలసటగానీ ఒక మెట్టు పెరిగిందో రాసుకోవాలి. 12, 20, 9, 15, 14 అని వచ్చాయనుకుందాం. సగటు 14. దానిలో అయిదో వంతు తీసేస్తే దాదాపు 11. ఇక టైమరు 11 నిమిషాలకు పెట్టాలి, మంచి రోజైనా చెడ్డ రోజైనా. మంచి రోజున గంట మోగినప్పుడు ఆపడమే కష్టం, ఎందుకంటే అప్పటికి ఏ నొప్పీ ఉండదు. ఆ నొప్పి లేనప్పుడు ఆపగలగడమే ఈ పద్ధతి మొత్తానికి ప్రాణం. కాసేపు వాలి, ఇంకో 11 నిమిషాలు చేసుకోవచ్చు. ఒకటి రెండు వారాలు ఇబ్బంది లేకుండా గడిస్తే ఒకట్రెండు నిమిషాలు పెంచొచ్చు.

అయితే ఈ పెంచడం అందరికీ వర్తించదు. ఎంఈ/సీఎఫ్ఎస్ అనే తీవ్ర అలసట జబ్బులో, కోవిడ్ తర్వాత చాలాకాలం వదలని అలసటలో చాలామందికి శ్రమ ఫలితం అప్పటికప్పుడు కనిపించదు. కొన్ని గంటలకో, ఒకటి రెండు రోజులకో విరుచుకుపడుతుంది. వాళ్లు చేసేటప్పుడు ఎలా ఉందన్నది కాకుండా తర్వాతి రెండు రోజులు ఎలా గడిచాయన్నది చూసి నిమిషాలు నిర్ణయించుకోవాలి. బుర్ర శ్రమ కూడా శ్రమే, పదకేళీ పూరించడం కూర్చుని చేసేదే కదా అని లెక్కలోంచి తీసేయకూడదు. ఎంఈ/సీఎఫ్ఎస్ వాళ్లకు వ్యాయామాన్ని పట్టిక ప్రకారం పెంచుకుంటూ పోయే చికిత్సను బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నైస్ 2021లో వద్దంది. హాబీ నిమిషాలకూ ఆ జాగ్రత్తే మంచిది.

పాత హాబీ పిలిచినప్పుడు

"ఇదివరకు గిటారు అంత బాగా వాయించేవాడివి, మళ్లీ మొదలుపెట్టొచ్చుగా" అని అంటారు, ప్రేమతోనే. ఆ మాటలో ఎంత బరువుందో అన్నవాళ్లకు తెలియదు. వాపెక్కిన వేళ్లతో తీగ నొక్కితే శబ్దం బొంగురుగా వస్తుంది. చెవికి మాత్రం పాత వాయింపు గుర్తుంటుంది. కొత్త హాబీలో తప్పులు కొత్తవాడి తప్పులు, పాత హాబీలో ప్రతి తప్పూ జబ్బు చేసిన తప్పు. ఈ తేడా వల్ల జబ్బు బయటపడ్డ తొలిరోజుల్లో పాత హాబీ వైపు పోవద్దనే చెబుతాను. పోయినదానికి ఏడ్వడానికి కొంత కాలం పడుతుంది, ఆ ఏడుపు హాబీ సమయంలోకి రానక్కర్లేదు.

ఇక్కడ ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ పేరు ఎవరో ఒకరు తెస్తారు. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు తిరిగిపోయినా 1919లో పోయేదాకా బొమ్మలు వేశాడు, కుంచెను వేరేవాళ్లు వేళ్ల మధ్య ఇరికించేవాళ్లు. గోళ్లు అరచేతిలోకి గుచ్చుకోకుండా చేతికి గుడ్డ చుట్టేవాళ్లు. ఆ గుడ్డను చూసే కుంచెను చేతికి కట్టేశారన్న కథ పుట్టింది. గొప్ప మనిషి. కానీ ఆయనకు చిత్రకళ వృత్తి, పక్కన సాయం చేసే మనుషులున్నారు, అప్పటికే దశాబ్దాల నేర్పుంది. ఆయన్ను చూపించి మంచంలో ఉన్న మామూలు మనిషిని సిగ్గుపడేలా చేయడం అన్యాయం.

ఉదాహరణగా నాకు ఇంకో ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ ఎక్కువ పనికొస్తాడు. 1941లో పేగు క్యాన్సరుకు పెద్ద ఆపరేషను జరిగాక ఆయన ఎక్కువకాలం మంచంలో, చక్రాల కుర్చీలో గడిపాడు. ఈజిలు ముందు నిలబడటం కష్టమైంది. సహాయకులు కాగితాలకు రంగు పూసి ఇస్తే కత్తెరతో ఆకారాలు కత్తిరించడం మొదలుపెట్టాడు. రంగు మీద ప్రేమ పోలేదు, పనిముట్టు మారింది. మామూలు మనుషులు తీసుకోవాల్సింది ఈ పక్కకు జరగడాన్ని. వాయించలేనివాళ్లు ఒకే కృతిని ముగ్గురు పాడగా విని తేడాలు రాసుకోవచ్చు. కొండలెక్కలేనివాళ్లు కిటికీ దగ్గర బైనాక్యులరు పెట్టుకుని, రోజూ ఒకే పావుగంటలో ఏ పిట్టలొచ్చాయో నమోదు చేసుకోవచ్చు. 8×42 రకం (ఎనిమిదింతలు పెంచి చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లది) పట్టుకోవడానికి బరువనిపిస్తే 8×25 చిన్నది తీసుకోవాలి. మసక వెలుతురులో అది కాస్త తక్కువ చూపిస్తుంది, చెయ్యి మాత్రం నొప్పెట్టదు.

జబ్బును బట్టి చూసుకోవాల్సినవి

కరపత్రాలు చెప్పనివి ఇక్కడ కొన్ని ఉన్నాయి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకు చెక్క చెక్కడం, పదునైన బ్లేళ్లతో కాగితం కోయడం మంచి ఎంపిక కాదు. మధుమేహంతో వేలి కొనల స్పర్శ తగ్గినవాళ్లకు సూది గుచ్చుకున్నా తెలియదు, కాబట్టి మొద్దు కొన ఉన్న సూదులే వాడాలి, పని అయ్యాక వేళ్లను కళ్లతో చూసుకోవాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ల హాబీ డబ్బాలో గ్లూకోజు బిళ్లలు ఉండాలి. పనిలో లీనమైతే చక్కెర పడిపోయే తొలి సూచనలు కూడా తెలియకుండా పోవచ్చు. ఆస్తమా, సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్లు టర్పెంటైన్, వార్నిష్, ఎపాక్సీ రెజిన్ జోలికి పోవద్దు. రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే లూపస్ జబ్బు ఎండ పడితే తిరగబెట్టేవాళ్లకు కిటికీ లోపలి నీడే తోట.

తోట అంటే గుర్తొచ్చింది. మొక్కలు పెంచండి అనే సలహా అందరికీ ఇస్తారు, కుండీల మట్టి మిశ్రమంలో లెజియొనెల్లా లాంగ్‌బీచే అనే బ్యాక్టీరియా ఉండొచ్చనీ, ఆ దుమ్ము పీలిస్తే తీవ్రమైన న్యుమోనియా రావచ్చనీ చెప్పరు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల మీద ఉన్నవాళ్లు, ముఖ్యంగా అవయవ మార్పిడి అయినవాళ్లు, ముందు డాక్టరును అడగాలి. అనుమతిస్తే మాస్కు, గ్లవ్సు వేసుకుని, సంచిని ముఖానికి దూరంగా పెట్టి కత్తిరించి, దుమ్ము లేవకుండా మట్టిని తడిపి, అయ్యాక చేతులు కడుక్కోవాలి. చాలా సందర్భాల్లో మట్టి అక్కర్లేని పని ఒకటి ఉంది, దానికి చివర్లో వస్తాను.

డయాలసిస్‌లో ఉన్నవాళ్ల సంగతి వేరు. వారానికి మూడుసార్లు, దాదాపు నాలుగేసి గంటలు, సూదులున్న చెయ్యి కదపకూడదు. వాళ్లకు ఒంటిచేతి పనులే కావాలి. కాగితం జారకుండా క్లిప్పు ఉన్న అట్ట మీద పెన్సిలు బొమ్మలు, విన్న పుస్తకానికి ఒక వాక్యం చొప్పున రాసుకోవడం, అయస్కాంతం ముక్కల పజిలు. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషనుతో సిద్ధం చేసిన రక్తనాళం) కుడిచేతిలో ఉంటే ఎడమచేత్తో గీయాలి. ఎడమచేతి గీత వంకరగా వస్తుందని ముందే తెలుసు కాబట్టి దానిలో ఒక స్వేచ్ఛ కూడా ఉంది.

మందుల వేళలు కూడా చూసుకోవాలి. ఆయాసానికి వాడే సాల్‌బుటమాల్ పీల్చాక కాసేపు చేతులు వణకొచ్చు, అప్పుడు సన్నని గీతల పని పెట్టుకోకూడదు. కీళ్లవాతం లాంటి జబ్బులకు వారానికోసారి మెథోట్రెక్సేట్ అనే మందు వేసుకునేవాళ్లలో చాలామందికి మర్నాడు వికారం, నీరసం ఉంటాయి. ఆ రోజును వినడానికీ చూడటానికీ వదిలేయాలి. స్టిరాయిడ్లతో రాత్రి నిద్రపట్టనివాళ్లు ఆ ఉత్సాహాన్ని నమ్మి తెల్లవార్లూ అల్లకూడదు.

చూసేవాళ్ల కళ్లు

ఇంటికొచ్చిన చుట్టాలు మంచం మీద అల్లుకుంటున్న మనిషిని చూసి, "హమ్మయ్య, బాగానే ఉన్నావే" అంటారు. అంతటితో ఆగితే పరవాలేదు. "అల్లగలిగినప్పుడు ఆఫీసుకు పోలేవా" అన్న ప్రశ్న మాటల్లోనో చూపుల్లోనో వస్తుంది. ఎవరికీ కనిపించని జబ్బులున్నవాళ్లు దీనికి భయపడి హాబీని దాచుకుంటారు, గుమ్మం చప్పుడైతే దుప్పటి కిందికి తోసేస్తారు. జబ్బు నిజమని నిరూపించుకోవడానికి ఎప్పుడూ దిగాలుగానే కనపడాలా? పదకొండు నిమిషాలు ఆపి ఆపి చేసే పనికీ, ఎనిమిది గంటలు ఇంకొకరి గడియారం ప్రకారం చేసే పనికీ ఉన్న తేడా అడిగినవాళ్లకు ఒకసారి చెప్పొచ్చు. రెండోసారి చెప్పే బాధ్యత ఇంట్లోవాళ్లు తీసుకోవాలి.

మెచ్చుకునేవాళ్లతో ఇంకో చిక్కు. "ఎంత బాగుందో, మా పాపకొకటి చేసిపెట్టవా, పుట్టినరోజుకు." ఆ క్షణంలో హాబీకి గడువు తేదీ వచ్చి కూర్చుంది. అమ్మితే నాలుగు డబ్బులొస్తాయనే సలహా కూడా ఈ కోవలోదే. డబ్బు అవసరమైనవాళ్లను నేను తప్పు పట్టను, జబ్బు చాలా ఖరీదైనది. కాకపోతే అమ్మే పనీ, ఊపిరి తీసుకునే పనీ వేరు వేరుగా ఉంచుకోవాలి. చదరాలు అమ్మేవాళ్లు తమ కోసం బొమ్మలు వేసుకోవాలి, ఎవరికీ చూపించకుండా.

ఇంతకీ పనిచేస్తుందా

ఈ ప్రశ్నను దాటేయకూడదు. 2023లో 16 దేశాల్లో 65 ఏళ్లు దాటిన తొంభై వేల మందికి పైగా వివరాలను కలిపి చూసిన అధ్యయనంలో, హాబీలున్నవాళ్లకు దిగులు లక్షణాలు తక్కువగా, జీవితం మీద తృప్తి ఎక్కువగా ఉన్నాయి. వినడానికి బాగుంది. కానీ ఎక్కువ జబ్బుగా ఉన్నవాళ్లు హాబీ మానేసి ఉండొచ్చు కదా? ఏది ముందు ఏది వెనక అన్నది ఇలాంటి లెక్కల్లో పూర్తిగా తేలదు. ఆర్ట్ థెరపీ పరిశోధకురాలు గిరిజ కైమల్ బృందం 2016లో 39 మంది పెద్దవాళ్లకు 45 నిమిషాలు రంగులు, మట్టి, కాగితాలు ఇచ్చి చూస్తే, దాదాపు ముప్పావు వంతు మందిలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గింది. బొమ్మలు వేయడం వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ తేడా లేదు. చిన్న అధ్యయనం, పోల్చడానికి వేరే గుంపు లేదు, ఒక్క పూట ముచ్చట. దీన్నుంచి నేను తీసుకునేది ఒక్కటే, నేర్పు అవసరం లేదన్న కబురు.

కాబట్టి హాబీ జబ్బును తగ్గిస్తుందని ఎవరు చెప్పినా నమ్మొద్దు. మందు మానేసి రంగులేసుకోమనేవాళ్ల నుంచి దూరం జరగాలి. ఇంకో సందర్భం మరీ ముఖ్యం. రెండు వారాలకు మించి ఏదీ రుచించకపోతే, ఇష్టమైన పని చేతిలో ఉన్నా లోపల ఏమీ కదలకపోతే, బతకడం అనవసరమన్న ఆలోచన వస్తే, అది హాబీ తప్పు ఎంచుకోవడం వల్ల కాదు. అది డిప్రెషన్ కావచ్చు, దానికి చికిత్స ఉంది. చచ్చిపోవాలన్న ఆలోచనైతే రెండు వారాలు ఆగకుండా ఆ రోజే డాక్టరుకో దగ్గరి మనిషికో చెప్పాలి. మామూలు దిగులు మాత్రం వేరుగా ఉంటుంది. మొదలుపెట్టేదాకా మనసు రాదు, రెండు నిమిషాలు చేశాక కాస్త వస్తుంది. డిప్రెషన్‌కు చేసే ప్రవర్తనా చికిత్సల్లో ఒకటి దీని మీదే నిలబడింది. మనసు బాగయ్యాక పని చేద్దామని ఆగకుండా, పనిని చిన్నదిగా చేసి ముందు పెట్టుకోమంటుంది. రెండు నిమిషాలు చేశాక కూడా రాకపోతే పక్కన పెట్టేయాలి, తిట్టుకోకుండా.

రెండో క్యాలెండరు

మట్టి లేని పని గురించి చెబుతానన్నాను. మనీ ప్లాంటు తీగలో ఆకు పుట్టే చోట కణుపు ఉంటుంది, దానికి ఒక అంగుళం కింద కత్తిరించాలి. నీళ్లలో మునిగే ఆకు తీసేసి, కణుపు మునిగేలా గాజు సీసాలో పెట్టాలి. కణుపు లేకుండా ఉత్త ఆకు పెడితే ఎన్నాళ్లున్నా తీగ రాదు, ఎక్కువమంది చేసే తప్పు ఇదే. వారానికోసారి నీళ్లు మార్చాలి, నేరుగా ఎండ తగలకూడదు. చాలాసార్లు ఒకటి రెండు వారాల్లో కణుపు దగ్గర తెల్లటి మొటిమలాంటిది లేస్తుంది, తర్వాత అది వేరుగా సాగుతుంది. పిల్లులు, చిన్న పిల్లలు నమలకుండా ఎత్తులో పెట్టాలి, ఆ ఆకు నోటిని మండిస్తుంది.

దీనిలో చేసే పని వారానికి రెండు నిమిషాలు. మిగతాదంతా ఎదురుచూడటం. జబ్బు మనిషి క్యాలెండరులో ఎదురుచూపులన్నీ ఒకే రకానివి, స్కాను తేదీ, రిపోర్టు తేదీ, తర్వాతి డోసు. వాటి పక్కన "మంగళవారం నీళ్లు మార్చాలి, వేరు ఎంతొచ్చిందో చూడాలి" అన్న గీత పడితే రాబోయే వారంలో భయం లేని రోజు ఒకటి ఉంటుంది. ఎంత చిన్నదైనా అది వేరే క్యాలెండరు. కొన్నిసార్లు కాడ కుళ్లుతుంది, నీళ్లు మసకబారి వాసనొస్తాయి. మెత్తబడినంత మేర కోసేసి మళ్లీ పెట్టాలి, అందుకే మొదటే మూడు నాలుగు కాడలు పెట్టుకోవడం మంచిది.

చివరిగా ఒక చీటీ గురించి. పని ఆపిన ప్రతిసారీ తర్వాత చేయాల్సింది ఏమిటో ఒక్క వాక్యం రాసి డబ్బాలో పెట్టాలి. "మూడో చుట్టు, రెండో మూల దాకా వచ్చింది, తర్వాత లేత నీలం." ఓపిక ఉన్నప్పుడు ఇది అనవసరం అనిపిస్తుంది. జ్వరం వచ్చి, ఆసుపత్రిలో పన్నెండు రోజులుండి, ఇంటికొచ్చి డబ్బా మూత తీసినప్పుడు తల ఇంకా మసకగానే ఉంటుంది, ఎక్కడ ఆపారో గుర్తుండదు. చీటీ తీసి చదివి, పిన్నీసు విప్పి, లేత నీలం ఉండ వెతుక్కుంటే చాలు.